కూర్చున్నారు, అయినా లేరు

మొన్న బుధవారం మా చర్చి సంఘం గుమాస్తాని సమాధుల తోటలో పెట్టి వచ్చాం. పెట్టి వచ్చాం అంటున్నాను గానీ నేను మోసిందేమీ లేదు. ఒక పిడికెడు మట్టి వేసి చెయ్యి దులుపుకున్నాను, అంతే. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. రెండు రోజులు వెతికాను. దొరకలేదు. అందుకని ఉన్నవే రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. నా పేరు ఆయన ఎనిమిదేళ్ళు రాయలేదు. చెల్లుకు చెల్లు.

కోవూరులో ఆయన్ను చూడనివాళ్ళు లేరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టాప్లర్ ఉండేది. ఆ బరువుకి చొక్కా ఎడమవైపు దిగిపోయి, మనిషే ఒక పక్కకి ఒరిగినట్టు కనిపించేవాడు. మోపెడ్ వెనక, రొయ్యల మేత సంచిలో చుట్టిన సభ్యుల రిజిస్టరు. కళ్ళద్దాలకు దారం. కీర్తన అందరితో కలిసి మొదలుపెట్టి అర పాదం వెనకబడేవాడు. మేమంతా ఆమేన్ అని కూర్చున్నాక ఆయన ఒంటరి ఆమేన్ మెల్లగా వచ్చి చేరేది. ముప్పై ఏళ్ళుగా అంతేనట. ఒక్క ఆదివారమైనా సిగ్గుపడి తొందరపడింది లేదు.

ఏ కాగితం ఇచ్చినా ముందు తిప్పి వెనక చూసేవాడు. పెళ్ళిపత్రిక అయినా అంతే, కరెంటు బిల్లయినా అంతే. ఆరాధన క్రమం అచ్చు వేయించింది తనే, పంచేది తనే, అయినా ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూసి గానీ ఇచ్చేవాడు కాదు. వెనక ఏముంటుందయ్యా అని అడిగితే, "ఏమీ లేదని చూసుకోవాల గదా సారూ" అనేవాడు. పెళ్ళి భోజనాలకు పత్రిక జేబులో పెట్టుకుని పంక్తిలో కూర్చునేవాడు, పిలిచారా అని ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరు అడుగుతారు? ఈ జిల్లా మొత్తం మీద అలా అడిగే మనిషి ఆయనొక్కడే.

ఆయనతో నాకు పని ఎందుకు పడిందో చెప్పాలి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఒక ఫ్యాక్టరీ కాలనీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక నా భార్య పుట్టిన ఊరని కోవూరు వచ్చాం. వచ్చిన ఏడాదికే ఆవిడ పోయింది. సమాధుల తోటలో తూర్పు గోడ పక్క వరసలో ఉంది. ఆవిడ పక్కన రెండు స్థలాలు ఖాళీ. మొదటిది నాకు కావాలి. ఈ వయసులో నాకున్న కోరిక అదొక్కటే. అయితే ఆ తోటలో చోటు సభ్యుల పట్టీలో పేరున్నవాళ్ళకే. వేరే ఊరి నుంచి వచ్చినవాడు పట్టీలో చేరాలంటే, అక్కడి సంఘం పాస్టరుగారి ఉత్తరం తేవాలి. తెచ్చాను. సంతకంతో సహా పద్ధతిగా ఉన్న ఉత్తరం.

ఆయన దాన్ని తిప్పి వెనక చూశాడు. మళ్ళీ తిప్పి ముందు చదివాడు. వేలు తడి చేసుకుని ఒక పాత పుస్తకం తిరగేశాడు.

"ఈ సంఘం మన జాబితాలో లేదు సారూ."

"ఫ్యాక్టరీ మూసేసినారు. కాలనీ ఖాళీ అయింది. సంఘం కూడా అప్పుడే పోయింది."

"ఈ పాస్టరు అయ్యగారు?"

"ఆయనా పోయినారు."

"లేని సంఘం. లేని అయ్యగారు. వాళ్ళిద్దరూ కలిసి, మీరు ఉండారని చెప్తా ఉండారు."

"నేను నీ ఎదురుగా కూర్చోనుండాను గదయ్యా!"

ఆయన దారం కళ్ళద్దాలు పైకి తోసి నన్ను నిదానంగా చూశాడు. "కూర్చున్నారు," అన్నాడు. "అయినా లేరు."

"మరి నా భార్య? నలభై ఏళ్ళు ఊరు విడిచి నాతోనే ఉండింది. ఆమెను పెట్టినారు గదా?"

"ఆమె ఇక్కణ్ణించి ఉత్తరం తీసకపోలేదు సారూ. కాబట్టి ఆమె ఎప్పుడూ యాడికీ పోలేదు."

నలభై ఏళ్ళ కాపురాన్ని అలా ఒక్క ముక్కతో కొట్టిపారేశాడు. కొట్టాలనిపించింది. స్టాప్లర్ చూసి ఊరుకున్నాను.

"ఇంకొక దారుంది," అన్నాడు. "ఉత్తరంతో పన్లేదు. మొత్తం మొదట్నించీ, సంఘం ముందర నిలబడి మీ నోటితో ఒప్పుకోండి. ఈస్టరుకి అట్టా చేరే పిల్లకాయల బ్యాచ్ ఉంది."

"నాకు అరవై ఎనిమిదేళ్ళు!"

"ఆ ఫారంలో వయసు గడి లేదు సారూ."

మీసాలు రాని పిల్లకాయల పక్కన నిలబడి నేను విశ్వాసం ఒప్పుకోవాలట! నా దగ్గర చదువుకున్నవాళ్ళు విమానాల్లో వైర్లు బిగిస్తున్నారు. (ఒకడు. మిగతావాళ్ళు ఫ్యాన్లు బాగుచేస్తున్నారు.) ఆ రోజు నుంచి నాకు ఆయనంటే తగని అసహ్యం. ఆదివారం ఎదురుపడితే వందనాలు చెప్పేవాణ్ణి, కానీ ఆయన చెవికి అందకుండా చెప్పేవాణ్ణి.

ఆరేళ్ళు అలాగే గడిచాయి. అప్పుడు రొయ్యల గుంటల సంగతి వచ్చింది.

నా భార్య చెల్లెలు రాహేలమ్మకు కొడవలూరు దాటి సముద్రం వైపు పోతే మూడు రొయ్యల గుంటలు ఉన్నాయి. సంఘం కమిటీలో ఆవిడ మెంబరు. నోరు కూడా అందుకు తగ్గదే. ఆ గుంటలకు పూర్వం నేనొక ప్రోగ్రాము రాసిచ్చాను. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసుకుంటూ, ఏ గుంటలో తగ్గితే ఆ గుంటలో గాలి చక్రాలు, అంటే ఏరేటర్లు, తిప్పుతుంది. అన్నీ ఒకేసారి తిప్పడానికి అక్కడి కరెంటు మోయదు. ఏది ఎప్పుడన్నది ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఆ చూసేది నా ప్రోగ్రాము. పంపు షెడ్డులో ఒక పాత కంప్యూటర్ మీద ఏళ్ళ తరబడి నడిచింది.

ఆ ఏటి వానల్లో పిడుగు పడి ఆ కంప్యూటర్ మాడిపోయింది. దాని బదులు రాహేలమ్మ అరచేతిలో పట్టే చిన్న కార్డు కంప్యూటర్ ఒకటి తెప్పించింది. రొయ్యల పట్టుబడికి ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. మూడు రోజులుగా ముసురు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. పడిపోతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. తేలినవి మళ్ళీ మునగవు.

"బావా, మూడు రోజుల్నించి మీటరు పట్టుకోని కట్టల మీద తిరగతా ఉండా," అంది ఫోనులో. "కాళ్ళు నా మాట వినడంలా. వచ్చి నీ ప్రోగ్రామేదో దీంట్లో పెట్టు. పెట్టినావంటే నీ పేరు నేను రాయిస్తా. ఆ గుమాస్తాని రిజిస్టరుతో సహా ఈడికే పిలిపిస్తా. నా ఎదురుగా ఎట్టా రాయడో చూస్తా."

ఇంతకన్నా ఏం కావాలి? వెళ్ళాను. షెడ్డులో కూర్చున్నాను. తెర మీద ఒక్క చూపు చూశాను. "లోడరు లేదు" అన్నాను. పది నిమిషాల్లో గాలి చక్రాలు తిరిగాయి, రొయ్యలు ఊపిరి పీల్చుకున్నాయి.

కోవూరులో నేను చెప్పింది ఇదే. రెండేళ్ళుగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ నిమిషాలు తగ్గుతూ వచ్చాయి.

జరిగింది వేరు.

ముందు పాత డిస్కులో ఉన్న ప్రోగ్రామునే ఉన్నదున్నట్టు కార్డులోకి ఎక్కించాను. కార్డు దాన్ని ముట్టలేదు. ముట్టదు. పాత కంప్యూటర్ ప్రాసెసర్ ఒక జాతి, కార్డులోది ఇంకొక జాతి. దానికోసం కట్టింది, అంటే దాని భాషలోకి మార్చింది, దీనికి అర్థం కాదు. మొదటి సంవత్సరం పిల్లలు ఈ తప్పు చేస్తే నేను బెంచీ ఎక్కించేవాణ్ణి. చుట్టూ చూశాను. ఎవరూ గమనించలేదు.

సరేనని పద్ధతిగా మొదలుపెట్టాను. నా లాప్‌టాప్ ముందు కూర్చుని, లాప్‌టాప్ కోసం కాకుండా ఆ కార్డు కోసం ప్రోగ్రామును కొత్తగా కట్టాలి. ఒకచోట కట్టి ఇంకొకచోట నడిపించడం. దీన్ని క్రాస్ కంపైలింగ్ అంటారు. ఈ మాట రాహేలమ్మకు రెండుసార్లు చెప్పాను, గౌరవం కోసం. కట్టాను. కార్డులోకి పంపాను. నడవమన్నాను.

అలాంటి ఫైలు లేదు, అంది కార్డు.

లేకపోవడమేమిటి? లోపల ఏమేమి ఉన్నాయో చూపించమంటే మొదటి వరసలోనే చూపిస్తోంది. పేరుంది, సైజుంది, పది నిమిషాల కిందటి టైమూ ఉంది. నడవమంటే మాత్రం అలాంటి ఫైలు లేదంటోంది. పేరు మూడుసార్లు కొట్టాను, చివరిసారి పైకి చదువుకుంటూ. మళ్ళీ పంపాను. కేబుల్ మార్చాను. నడవడానికి అనుమతులు సరిచూశాను. ఉప్పు గాలిని తిట్టాను. కార్డు చేసిన దేశాన్ని తిట్టాను. మధ్యలో రాహేలమ్మ పెట్టిన చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ తిట్టాను. రెండు గంటలు పోయాయి. మూడో గుంట దగ్గర నుంచి ఆవిడ అరుస్తోంది: "బావా! మూలకి చేరతా ఉండాయి! అయిందా?"

"అయిపోతా ఉంది!" అన్నాను. ఏమి అవుతోందో నాకే తెలియదు.

అప్పుడు వచ్చింది ఆ మోపెడ్. సంచీలో రిజిస్టరు. జేబులో స్టాప్లర్. ఎడమవైపు ఒరిగిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచి, అదేదో చర్చి అయినట్టు, లోపలికి వచ్చాడు. నా భుజం మీదుగా తెర చూశాడు.

"ఏంది సారూ, పైన ఉందంటుంది, కింద లేదంటుంది?"

"నీకు అర్థం కాదులే. దీంట్లో కట్టి ఆ కార్డులోకి పంపినా, నడవడంలా. కూర్చో."

కూర్చోలేదు. నేను వద్దనేలోపల కార్డును రెండు వేళ్ళతో ఎత్తి, తిప్పి, వెనక చూశాడు.

"ఏం చూస్తా ఉండావయ్యా! వైర్లు ఊడతాయి!"

"ఏమీ లేదని చూసుకుంటుండా." కార్డు జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఇది ఎవరి పేరు చెప్పుకోని వచ్చింది సారూ?"

"ఏది?"

"ఈ ఫైలు. మీరు ఆడ కట్టి ఈడికి పంపినారు గదా. పరాయి ఊరి నించి వచ్చింది. ఎవరో ఒకరి పేరు చెప్పుకోనే వచ్చుంటుంది. ఫైలు కనపడతా ఉంది. కనపడేదాన్ని లేదు అంటుందంటే, ఫైలు లేదని కాదు. అది పేరు చెప్పే మనిషి ఈడ లేడని." కళ్ళద్దాలు పైకి తోసి అన్నాడు: "మీ మాదిరే."

ఆ చివరి రెండు ముక్కలకు నేను ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఎందుకంటే సరిగ్గా అదే.

ఇలాంటి ప్రోగ్రాము నుదుటి మీద ఒక వరస రాసి ఉంటుంది: నన్ను ఎత్తి నడిపించేవాడు ఫలానా అని. ఆ ఫలానాని లోడరు అంటారు. వెతికి చదివాను. నా లాప్‌టాప్ రాసి పంపింది ఒక పేరు. ఈ కార్డు తయారుచేసినవాళ్ళు పెట్టుకున్న లోడరు పేరు వేరు. కార్డు వెతికి లేదన్నది నా ఫైలును కాదు, అది చెప్పిన లోడరును. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, రెండు గంటలు కేబుల్‌ను అనుమానించాను. కంప్యూటర్ మీద టైపు చెయ్యడానికి కూడా ఇంకొకరిని పిలుచుకునే మనిషి, వచ్చిన రెండు నిమిషాల్లో చెప్పాడు. తెలివితో చెప్పలేదు, అది గుర్తుంచుకోండి. జీవితమంతా ఆ ఒక్క వంకతోనే జనాన్ని గుమ్మంలో ఆపిన మనిషికి ఇంకే ఆలోచన వస్తుంది?

మార్గాలు రెండు. ఆ లోడరునూ దాని పరివారాన్నీ కార్డులోకి తెచ్చి పెట్టడం ఒకటి. ప్రోగ్రాముకు కావలసినవన్నీ దాని కడుపులోనే పెట్టి, ఎవరి పేరూ చెప్పనక్కరలేకుండా కట్టడం రెండోది. రెండోదే చేశాను. కట్టే ఆజ్ఞలో ఒక్క మాట ఎక్కువ రాస్తే చాలు. ఫైలు మాత్రం ఉన్న బట్టలన్నీ ఒంటి మీదే తొడుక్కుని రైలెక్కినవాడిలా ఉబ్బిపోయింది. ఉబ్బితే ఏం, నడిచింది. మూడో గుంటలో గాలి చక్రాలు ఒక్కసారి నీళ్ళు చిమ్మాయి. మూలకి చేరిన రొయ్యలు కాసేపటికి చెదిరి లోపలికి దిగాయి.

రాహేలమ్మ బురద కాళ్ళతో పరుగున వచ్చింది. "ఎట్టా చేసినావు బావా?"

"లోడరు లేదు," అన్నాను. "కనిపెట్టినా."

గుమాస్తా అక్కడే ఉన్నాడు. విన్నాడు. గోడకున్న స్విచ్చుల పెట్టె వైపు చూస్తున్నాడు.

"రాయి," అంది రాహేలమ్మ ఆయనతో. "మా బావ పేరు రాయి. ఇంత చదువుకున్న మనిషిని ఆరేళ్ళు బయట నిలబెట్టినావు. సిగ్గుండాల."

ఆయన సంచీ విప్పి రిజిస్టరు తీశాడు. అందులోంచి నా ఉత్తరం తీశాడు. దాచే ఉంచాడు! దాన్ని చూశాడు. స్విచ్చుల పెట్టె చూశాడు. మళ్ళీ ఉత్తరం చూశాడు. ఆ పెట్టె మీద, ముసురు పట్టినప్పుడు వేసుకోవలసిన స్విచ్చు కింద, నా చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది: 'మేగము'.

ఉత్తరంలో మూడుచోట్ల ఉంది: 'సంగము'.

ఘ రాయవలసిన చోట గ రాయడం నాకు చిన్నప్పటి బద్ధకం. నా భార్య పోయేదాకా దిద్దుతూనే ఉంది.

"ఆ అయ్యగారూ మీరూ ఒకే బడి అనుకుంటా సారూ," అన్నాడు, నాకు మాత్రమే వినిపించేటట్టు.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. సంతకంతో సహా పద్ధతిగా ఉన్న ఉత్తరం తెచ్చానని పైన రాశాను. పద్ధతిగానే ఉంది. ఆ పద్ధతి నాది. టైపు చేసింది నేనే. సంతకమూ నేనే. కాలనీ పోయింది, సంఘం పోయింది, పాస్టరుగారు అంతకు ముందే పోయారు. ఎవరు రాసిస్తారు? ఆయన బతికుంటే రాసేవాడే, ఆ బదులు నేను రాశాను అనుకున్నాను. ఆరేళ్ళు ఆ మాట నాకే చెప్పుకుంటూ వచ్చాను. ఆ షెడ్డులో మాత్రం చెప్పుకోలేకపోయాను. ఆయన ఒక్క మాట పెద్దగా అంటే చాలు, మా మరదలి ముందర, సంఘం ముందర, తూర్పు గోడ పక్కనున్న ఆవిడ ముందర నా పని అయిపోయేది.

అనలేదు. ఉత్తరం మడిచి మళ్ళీ రిజిస్టరులో పెట్టేశాడు.

"ఏంది, రాయవా?" అంది రాహేలమ్మ.

"పద్ధతి ప్రకారం ఈ ఉత్తరం చెల్లదమ్మా. సంఘం జాబితాలో లేదు." మొదటి రోజు చెప్పిన మాటే. ఇంకొక్క అక్షరం కలపలేదు. నా వైపు తిరిగి అడిగాడు: "ఆ ఫైలుకి ఏం చేసినారు సారూ?"

"అన్నీ దాంట్లోనే పెట్టి మళ్ళీ కట్టినా."

"మీరూ అదే చెయ్యండి." చెప్పులు తొడుక్కుని, రాహేలమ్మ తిట్లు అర పాదం వెనకబడి వింటున్నవాడిలా మెల్లగా మోపెడ్ ఎక్కాడు.

దాన్ని మర్యాద అంటారేమో కొందరు. నేను అనను. నన్ను తన చేతిలో పెట్టుకోవడానికి దాచాడని అనుకున్నాను. కానీ ఆ తర్వాత బతికిన రెండేళ్ళలో ఒక్కసారీ ఆ ఊసు ఎత్తలేదు, చేతిలో పెట్టుకున్నవాడెవడూ అలా ఉండడు. చేసిందల్లా ఒక్కటే. ప్రతి ఈస్టరు ముందూ పిల్లకాయల ఫారం ఒకటి తెచ్చి, తిప్పి, వెనక ఏమీ లేదని చూసి, నా చేతిలో పెట్టేవాడు. నేను దాన్ని ఆయన చూస్తుండగానే మడిచి చెవిలో తిప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆయన కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంది. చురుకైన పిల్ల. రిజిస్టరంతా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. నిన్న నన్ను చూసి, "అంకుల్, మీ పేరు లేదేంది? చెప్పండి, ఇప్పుడే కొట్టేస్తా. ఆ పాత ఉత్తరాలూ అవీ ఎవరు చూస్తారు ఇప్పుడు?" అంది. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. నేను కోరింది ఒక్క నిమిషం దూరంలో ఉంది. అడ్డుపడేవాడు మట్టిలో ఉన్నాడు.

నోరు తెరిచాను. నా పేరు రాలేదు.

"ఉత్తరం లేదు గదమ్మా," అన్నాను. "ఈస్టరు బ్యాచ్‌లో రాయి."

ఆ పిల్ల నవ్వింది. నవ్వనీ. ఆ ముసలాయన కోసం కాదు, నా కోసమే. లేని అయ్యగారి పేరు చెప్పుకుని నా భార్య పక్కన పడుకోవడం నాకే సిగ్గనిపించింది. పిల్లకాయల మధ్య నిలబడి ఒప్పుకోవడానికి ముందు కాస్త అలవాటు కావాలని ఇదంతా రాశాను. గుంటల దగ్గర మాట ఆయనది. ఉత్తరం నాది. రాహేలమ్మ ఇది చదివితే ఇకమీదట చేపల పులుసు ఉండదు.

ఇంకొక్కటి ఉంది. బుధవారం మట్టి వేసి చెయ్యి దులుపుకుంటూ చూశాను. ఆయన్ను పెట్టింది తూర్పు గోడ వరసలోనే, ఖాళీగా ఉన్న రెండింటిలో రెండో స్థలంలో. అంటే నా స్థలానికి ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క ఆయన. చివరి బూర మోగేదాకా అదే ఏర్పాటు. మోగిన రోజు పోయినవాళ్ళందరూ లేస్తారు. ఆయన అర పాదం ఆలస్యంగా లేచి, నా వైపు ఒరిగి, నన్ను తిప్పి వెనక ఏముందో చూస్తాడు. నాకు తెలుసు.

ఈసారి ఏమీ ఉండదు. చూసుకోమనండి.